'ఇవాన్ బాల్యం' సినిమాలోని చివరి కల ఎవరిది?

చాక్‌పీస్ (ప్రశ్న)

మా ఉన్నత పాఠశాలలో నెలకొక శనివారం సాయంత్రం తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక సినిమా చూపించి, తరువాత అరగంటసేపు దాని గురించి మాట్లాడుకునే అలవాటు ఉంది. పోయిన నెల ఆంద్రెయ్ తార్కోవ్‌స్కీ 1962లో తీసిన 'ఇవాన్ బాల్యం' చూపించాను. మోస్‌ఫిల్మ్ స్టూడియో వారే దానిని యూట్యూబ్‌లో ఉచితంగా ఉంచారు కాబట్టి దొరకడం కష్టం కాలేదు. ఇంగ్లీషు ఉపశీర్షికలను అక్కడక్కడ ఆపి నేనే తెలుగులో చెప్పాను. నలుపు తెలుపు సినిమా, తొంభై అయిదు నిమిషాలు, పైగా రష్యన్ భాష. పిల్లలు పదిహేను నిమిషాలకు మించి కూర్చోరని అనుకున్నాను గాని, మధ్యలో ఒక ముద్దు దృశ్యం దగ్గర కిసుక్కున నవ్వడం తప్ప చివరిదాకా కదలకుండా చూశారు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో ద్నీపర్ నదికి ఒక ఒడ్డున సోవియట్ సైన్యం, మరో ఒడ్డున జర్మన్ సైన్యం ఉన్నాయి. తల్లిని జర్మన్ల చేతిలో పోగొట్టుకున్న పన్నెండేళ్ల ఇవాన్ సోవియట్ సైన్యానికి వేగుగా పనిచేస్తుంటాడు. రాత్రివేళ చల్లని నీళ్లలో నది దాటి శత్రువుల దగ్గరికి వెళ్లి, అక్కడ చూసిన బలగాల లెక్కను జేబులో గింజల రూపంలో పెట్టుకుని తిరిగి వస్తాడు. పెద్ద అధికారులు అతడిని వెనక ప్రాంతంలోని సైనిక పాఠశాలకు పంపాలని చూస్తారు, అతడు ఒప్పుకోడు. ఆఖరిసారి నది దాటి వెళ్లినవాడు మళ్లీ రాడు. 1945లో బెర్లిన్ పడిపోయాక, ఇవాన్‌ను ఎరిగిన గల్త్‌సెవ్ అనే యువ అధికారి నాజీల కార్యాలయంలో చెల్లాచెదురుగా పడి ఉన్న కాగితాల మధ్య ఇవాన్ ఫొటో ఉన్న పత్రాన్ని చూస్తాడు. పిల్లవాడిని చంపేశారని మనకు అక్కడ తెలుస్తుంది.

సినిమా అక్కడ ముగియదు. ఇవాన్ నది ఒడ్డున బొక్కెనలో ముఖం పెట్టి నీళ్లు తాగుతుంటాడు, తల్లి నవ్వుతూ చూస్తుంటుంది, ఆమె వెళ్లిపోయాక పిల్లలందరూ దాగుడుమూతలు ఆడతారు, ఇవాన్ ఒక చిన్న పాపతో కలిసి ఇసుకలో పరుగెత్తుతాడు.

దీపాలు వేయగానే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "చనిపోయినవాడికి కల ఎలా వస్తుంది మాస్టారూ?" అని అడిగింది. అది దర్శకుడి ఊహ అమ్మా అని ఏదో చెప్పి దాటవేశాను. ఆ అమ్మాయి ముఖంలో తృప్తి కనిపించలేదు, నాకూ కలగలేదు. ఈ సినిమాలో అంతకుముందు వచ్చే మూడు కలలూ ఇవాన్ బతికి ఉండగా వచ్చినవే. మొదటి కల నుంచి అతడు పాడుబడిన గాలిమర లోపల ఉలిక్కిపడి లేస్తాడు. రెండో కల గల్త్‌సెవ్ అతడిని ఎత్తుకుని పక్కమీద పడుకోబెట్టాక వస్తుంది. నాలుగోదానికి మాత్రం నిద్రపోయేవాడూ లేడు, మేలుకునేవాడూ లేడు. మరి ఆ కల ఎవరిది? వచ్చే శనివారం ఆ అమ్మాయికి జవాబు చెప్పాలి. అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా రాయగలరని కోరుతున్నాను.

పాతరీలు

మాస్టారూ, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ముందు, ఈ సినిమాలోకి కలలు ఎలా వచ్చాయో తెలుసుకుంటే ఉపయోగం ఉంటుంది. ఎందుకంటే అవి మూలకథలో లేవు.

వ్లాదిమిర్ బొగొమోలోవ్ అనే రచయిత 1957లో 'ఇవాన్' అనే పెద్దకథ రాశాడు. ఆయన యుద్ధంలో పాల్గొన్నవాడు కాబట్టి సైనిక వివరాలలో ఎక్కడా చేయి జారనివ్వడు. కథ మొత్తాన్ని గల్త్‌సెవ్ 'నేను' అంటూ చెబుతాడు. అంటే ఆ కథలో ఇవాన్ మనకు బయటి నుంచి మాత్రమే కనిపిస్తాడు. ఒక పెద్దవాడు ఒక వింత పిల్లవాడిని చూసి, భయపడి, ముచ్చటపడి, చివరికి ఒక దస్త్రంలో అతడి చావు గురించి చదువుతాడు. ఆ దస్త్రం జర్మన్ల అధికార భాషలో ఉంటుంది. 1943 డిసెంబరులో రైలు మార్గం పక్కన మంచులో పడుకుని సైనిక రైళ్లను గమనిస్తున్న ఒక బడి పిల్లవాడిని పట్టుకున్నామని, విచారణలో లొంగలేదని, కాల్చి చంపామని రాసి, పట్టించిన స్థానిక పోలీసుకు వంద మార్కుల (జర్మన్ డబ్బు) బహుమానం ఇచ్చి రసీదు తీసుకున్నామనే మాటతో అది ముగుస్తుంది. కథ కూడా అక్కడే ఆగిపోతుంది. ఆ రసీదు మాట చదివిన తరువాత నేను చాలాసేపు మరో పేజీ తిప్పలేకపోయాను.

మోస్‌ఫిల్మ్ దీనిని మొదట ఎదువార్ద్ అబాలోవ్ అనే దర్శకుడికి అప్పగించింది. 1960లో చిత్రీకరణ మొదలైంది గాని, తీసినంతవరకు చూసిన స్టూడియో అది బాగాలేదని ఆ ఏడాది చివర పనిని ఆపివేసింది. మరుసటి ఏడాది, అప్పుడప్పుడే చలనచిత్ర విద్యాలయం నుంచి బయటికి వచ్చిన ఇరవై తొమ్మిదేళ్ల తార్కోవ్‌స్కీ పేరును ఆయన గురువు మిఖాయిల్ రోమ్ సూచించాడు. మిగిలిన డబ్బుతో, కొత్త నటులతో, వాదిమ్ యూసోవ్ అనే కొత్త ఛాయాగ్రాహకుడితో తార్కోవ్‌స్కీ మొత్తం మళ్లీ మొదటి నుంచి తీశాడు. కలలు అప్పుడే వచ్చి చేరాయి. గల్త్‌సెవ్ 'నేను'గా చెప్పిన కథలో గల్త్‌సెవ్‌కు ఎన్నడూ తెలిసే వీలు లేని భాగాన్ని, అంటే ఇవాన్ కళ్లు మూసుకున్నప్పుడు అతడికి ఏమి కనిపిస్తుందనే భాగాన్ని, ఆయన కథలోకి తెచ్చాడు.

మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చే మరో విషయం ఉంది. సినిమా కోసం మిఖాయిల్ పపావా రాసిన తొలి స్క్రిప్టులో ఇవాన్ చనిపోడు. యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకు గల్త్‌సెవ్ ఒక రైలులో అతడిని కలుస్తాడు. ఇవాన్ పెద్దవాడై, పెళ్లి చేసుకుని, కడుపుతో ఉన్న భార్యతో కలిసి ప్రయాణం చేస్తుంటాడు. బొగొమోలోవ్ దీనికి గట్టిగా అడ్డుపడ్డాడు. తిరిగి వచ్చిన ఇవాన్‌లు లేరన్నదే ఆ కథకు ప్రాణం కదా. కాబట్టి మనం చూస్తున్న చివరి కల, తీసివేసిన ఆ సుఖాంతం ఉండవలసిన చోట నిలబడి ఉంది. దర్శకుడు పిల్లవాడిని బతికించకుండానే నవ్వించాడు. నా ఉద్దేశంలో ఆ కల ఇవాన్‌దే. చంపినవారు ఒక దస్త్రం మిగిల్చారు, ఆ దస్త్రంలో పట్టనిదాన్ని సినిమా మిగిల్చింది.

చేదబావి

పైన రాసిన చరిత్ర చాలా బాగుంది. నేను చరిత్ర చెప్పగలిగినవాడిని కాను. చిన్నప్పుడు మా పెరట్లో ఒక పాత బావి ఉండేది. రెండో కలను చూసిన ప్రతిసారీ నాకు దాని గిలక చప్పుడు వినిపిస్తుంది. అందుకని ఆ ఒక్క కల గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇవాన్ నిద్రపోతుంటాడు. మంచం మీద నుంచి అతడి చేయి కిందికి వేలాడుతుంటుంది, వేళ్ల మీద నుంచి నీటి చుక్కలు పడుతుంటాయి. కెమెరా ఆ చేతి నుంచి నెమ్మదిగా పైకి లేస్తుంది. గది పైకప్పు ఉండవలసిన చోట బావి నోరు కనిపిస్తుంది. ఇక్కడ కట్ లేదు, పొగమంచు లేదు, కలలోకి వెళ్తున్నామని చెప్పే సంగీతం లేదు. గది అడుగే బావి అడుగు అయిపోతుంది. పైన గట్టు మీద తల్లి, ఆమె పక్కనే ఇవాన్ వంగి నీళ్లలోకి చూస్తుంటారు. బావి లోతుగా ఉంటే మిట్టమధ్యాహ్నం కూడా అందులో నక్షత్రం కనిపిస్తుందని, మనకు పగలైనా దానికి మాత్రం రాత్రేనని తల్లి చెబుతుంది. మరుక్షణం ఇవాన్ బావి అడుగున ఉండి, నీళ్లలో మెరుస్తున్న నక్షత్రాన్ని రెండు చేతులతో పట్టుకోబోతుంటాడు. ఆ తరువాత పైనుంచి జర్మన్ మాటలు, తుపాకి చప్పుడు, తెగిపడిన బొక్కెన. చివరికి బావి పక్కన బోర్లా పడి ఉన్న తల్లి, ఆమె మీద చిందిన నీళ్లు.

మన భాషలో ఎవరినైనా బాగా బాధపెడితే 'పట్టపగలే చుక్కలు చూపించాడు' అంటాము. తార్కోవ్‌స్కీకి తెలుగు తెలియదు, ఈ పోలిక కేవలం నా మనసులోనిదే. అయినా ఆ దృశ్యాన్ని తెలుగువాడిగా చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. తల్లి ప్రేమతో చూపించిన పగటి చుక్క, ఒక్క క్షణంలో మన సామెతలోని పగటి చుక్క అయిపోయింది.

మాస్టారు అడిగినదానికి దీనితో సంబంధం ఏమిటంటే, ఈ సినిమాలో నీరే కలలను కుట్టే దారం. మొదటి కలలో తల్లి బొక్కెనతో వస్తుంది, ఇవాన్ దానిలో ముఖం పెట్టి తాగుతాడు. రెండో కలలో బావి. మూడో కలలో వాన. మేలుకుని ఉన్నప్పుడు అతడు దాటే నది కూడా నీరే, అయితే అది కాటుకలా నల్లగా, చావు వాసన వేస్తూ ఉంటుంది. చివరి కలలో మళ్లీ అదే బొక్కెన, అదే తల్లి, ఈసారి తుపాకి చప్పుడు లేదు. మొదటి కల ఎక్కడ తెగిపోయిందో అక్కడి నుంచే చివరి కల అతుకుతుంది. అందుచేత దీనిని నేను నాలుగో కల అనుకోను, మొదటి కలలో మిగిలిపోయిన సగం అనుకుంటాను. మొదటి సగం వచ్చినప్పుడు ఇవాన్ బతికే ఉన్నాడు కదా. ఆ అమ్మాయికి ఇలా చెప్పి చూడండి.

వలసపక్షి

నేను బెర్లిన్‌లో ఉంటున్నాను. మీ చర్చలో ఎవరూ తాకని ఒక భాగం గురించి చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఇవాన్ నది దాటి వెళ్లడానికీ చివరి కలకూ మధ్య కొన్ని నిమిషాల నిజమైన వార్తాచిత్రాలు ఉన్నాయి. 1945 మే నెలలో సోవియట్ కెమెరాలు బెర్లిన్‌లో తీసినవి. గెంతులు వేస్తున్న సైనికులు, లొంగుబాటు మీద సంతకాలు, కూలిన భవనాలు వస్తాయి. వాటి మధ్యలో నాజీల ప్రచార మంత్రి గోబెల్స్ కాలిన శవం, దాని తరువాత అతడి పిల్లల శవాలు కనిపిస్తాయి. తమ ఆరుగురు పిల్లలకూ తల్లిదండ్రులే విషం ఇప్పించి, ఆపైన తామూ చనిపోయారు. తెల్లని రాత్రి దుస్తులలో నేల మీద వరుసగా పడుకోబెట్టిన ఆ పిల్లలను చూసిన తరువాతే తార్కోవ్‌స్కీ మనలను ఇవాన్ దస్త్రం దగ్గరికీ, ఉరితాళ్లు వేలాడుతున్న గది దగ్గరికీ తీసుకువెళ్తాడు.

ఆ క్రమం కాకతాళీయం అని నేను అనుకోను. ఇవాన్‌ను చంపినవారి పక్షంలో పుట్టిన పిల్లలు కూడా పెద్దల యుద్ధంలోనే చనిపోయారు. సోవియట్ సినిమాలో, విజయం సాధించి పదిహేడేళ్లు మాత్రమే అయిన కాలంలో, శత్రువు పిల్లల శవాలను ఇంత నెమ్మదిగా, ఎగతాళి లేకుండా చూపించడం చిన్న సాహసం కాదు. దీని తరువాత వచ్చే కలలో నది ఒడ్డున దాగుడుమూతలు ఆడుతున్న పిల్లలు ఎవరు? వారెవరో సినిమా ఎక్కడా చెప్పలేదు. చివర ఇవాన్‌తో పరుగెత్తే పాప ఎవరు? మూడో కలలో లారీ మీద ఆపిళ్ల మధ్య కూర్చున్న అమ్మాయి ఎవరు? చెల్లెలని కొందరు రాశారు, సినిమా మాత్రం పేరు పెట్టలేదు.

అందుచేత ఆ కల ఒక్క ఇవాన్‌ది అనే మాటతో నేను ఏకీభవించలేను. చేదబావి గారు చెప్పిన అతుకు అందంగా ఉంది గాని, మధ్యలో ఉన్న బెర్లిన్‌ను అది దాటవేస్తోంది. మొదటి కల ఇవాన్ ఒక్కడిది, అందులో అతడూ తల్లీ తప్ప ఎవరూ లేరు. చివరిదానిలో గుంపు ఉంది.

నీలిసిరా

అసమ్మతి తెలిపేవారు ఒకరైనా ఉండాలి కాబట్టి రాస్తున్నాను. నాకు ఆ చివరి కల అనవసరం అనిపించింది. బొగొమోలోవ్ వంద మార్కుల రసీదుతో ఆపినది సరైన ఆపడం. గుండె పిండే దస్త్రం తరువాత ఇసుక, ఎండ, నవ్వుతున్న అమ్మ అంటే ప్రేక్షకుడి కన్నీళ్లు తుడిచి ఇంటికి పంపడమే.

ఈ ఆరోపణ నాదొక్కడిదే కాదు. 1962లో వెనిస్ ఉత్సవంలో ఈ సినిమాకు బంగారు సింహం వచ్చింది (వలేరియో జుర్లీని సినిమాతో కలిపి పంచారు). అప్పుడు ఇటలీలోని వామపక్ష పత్రికలే దీని ప్రతీకలను పడమటి దేశాల నుంచి ఎరువు తెచ్చుకున్న పాత సొగసులని విమర్శించాయి. దానికి జవాబుగా ఫ్రెంచి తత్త్వవేత్త జ్యాఁ పాల్ సార్త్ర్ ఇటలీ కమ్యూనిస్టుల 'ఉనితా' పత్రిక సంపాదకుడికి పెద్ద ఉత్తరం రాశాడు. ఇవాన్‌కు కలకూ మెలకువకూ తేడా లేదని, యుద్ధం ఆ పిల్లవాడిని పిచ్చివాడిని చేసిందని, అతడు ఉంటున్న లోకమే పిచ్చిది కాబట్టి ఆ కలలు అలంకారాలు కావని ఆయన వాదం. ఇవాన్‌కు శాంతికాలంలో చోటు లేదని కూడా అన్నాడు. మొదటి మూడు కలల విషయంలో సార్త్ర్‌తో ఏకీభవిస్తాను. చివరిదానికి మాత్రం ఆ వాదం సరిపోదు, ఎందుకంటే అక్కడ పిచ్చెక్కడానికి మనిషే లేడు.

పాతరీలు

నీలిసిరా గారూ, అది కన్నీళ్లు తుడిచే కల అయితే చివరి చట్రంలో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇవాన్ పాపను దాటి, చేయి చాచి, లోతులేని నీళ్లలో చిందులు తొక్కుతూ పరుగెత్తుతాడు. ఆ వెంటనే ఇసుకలో నిలబడిన ఎండిన, మాడిన చెట్టు మన మీదికి వచ్చి తెరనంతా నలుపు చేసేస్తుంది. సినిమా ఆ నలుపులో ముగుస్తుంది. ఏ ఓదార్పూ అలా ఉండదు.

వలసపక్షి గారి మాట మీద నేను నిన్న రాత్రి చాలాసేపు ఆలోచించి, నా మొదటి అభిప్రాయాన్ని కొంత మార్చుకున్నాను. కల 'ఎవరిది' అనే ప్రశ్నకు మూడోదారి కూడా ఉంది. తార్కోవ్‌స్కీ 1932లో పుట్టాడు. యుద్ధకాలంలో ఆయనది కూడా సరిగ్గా ఇవాన్ వయసే. తల్లితోనూ చెల్లెలితోనూ వోల్గా ఒడ్డున యూర్యెవెత్స్ అనే చిన్న ఊళ్లో తలదాచుకున్నాడు. తండ్రి ఆర్సెనీ తార్కోవ్‌స్కీ కవి, యుద్ధరంగం నుంచి పత్రికకు రాస్తూ గాయపడి ఒక కాలు పోగొట్టుకున్నాడు. మొదటి కలలో ఇవాన్ తల్లితో "అమ్మా, అక్కడ కోకిల కూస్తోంది" అంటాడు కదా, అది తన సొంత జ్ఞాపకమేనని, నాలుగేళ్ల వయసునాటి తన తొలి జ్ఞాపకాలలో ఒకటని దర్శకుడే తరువాత రాశాడు. (రష్యాలో కోకిల ఎన్నిసార్లు కూస్తే అన్నేళ్లు బతుకుతామని ఒక నమ్మకం ఉంది. అది తెలిశాక ఆ మాటను మామూలుగా వినలేము.) ఇంకొక వివరం: ఆ తల్లి పాత్ర వేసిన ఇర్మా రౌష్ అప్పటికి తార్కోవ్‌స్కీ భార్య.

అంటే బతికి బయటపడ్డ ఒక పిల్లవాడు, బతకని తన ఈడు పిల్లవాడికి తన బాల్యాన్ని అప్పుగా ఇచ్చాడు. మూడో కలలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వానలో లారీ నిండా ఆపిళ్లు, వెనక చెట్లన్నీ నెగటివ్‌లో తెల్లగా మెరుస్తుంటాయి. ఆ అమ్మాయి ముఖం మన ముందు నుంచి మూడుసార్లు జరుగుతుంది, ప్రతిసారీ ముఖంలోని భావం మారుతుంది. రాబోయే ఆపద ఆ పాపకు ముందే తెలిసినట్లు ఉండాలని తాము కోరుకున్నామని తార్కోవ్‌స్కీ రాశాడు. ఆ తరువాత ఆపిళ్లు ఒడ్డున ఇసుకలోకి దొర్లిపోతాయి, గుర్రాలు వాటిని తింటుంటాయి. తరువాత ఏమి జరిగిందో ఎరిగినవాడు మాత్రమే ఇలాంటి కలను కూర్చగలడు, ఇవాన్‌కు అది తెలిసే వీలు లేదు.

ఇంకొక్క మాట. బర్చ్ చెట్ల మధ్య సైన్యపు వైద్య సహాయకురాలు మాషాను ఖోలిన్ అనే అధికారి కందకం మీద పట్టుకుని ముద్దుపెట్టుకునే దృశ్యంలో (మీ పిల్లలు నవ్వినది ఇదే అయివుంటుంది) ఇవాన్ లేనే లేడు. అయినా కెమెరా అక్కడ కూడా కలలో ఉన్నట్లే కదులుతుంది, ఒక క్షణం కందకం లోపలికి దిగి కిందనుంచి చూస్తుంది. కాబట్టి ఈ సినిమాలో కల కనేవాడు ఇవాన్ ఒక్కడే అని మనం మొదటి నుంచీ అనుకోవడమే పొరపాటేమో.

చేదబావి

వలసపక్షి గారు నన్ను సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. నేను బెర్లిన్‌ను దాటవేసిన మాట నిజం. నిన్న ఆ భాగాన్నీ, ఆపైన చివరి కలనూ రెండుసార్లు చూశాను. అప్పుడు తోచినదాన్ని మాస్టారి కోసం రాస్తున్నాను, ఎందుకంటే ఇది పిల్లలకు పెద్దలకంటే ముందు అర్థమయ్యే విషయం.

సినిమాలో ఇవాన్ పని దాక్కోవడం. రెల్లులో, నీళ్లలో, శత్రువుల మధ్య, గాలిమరలో అతడు దాక్కుంటూనే ఉంటాడు. దొరికితే చావే, అతడు చనిపోయినది కూడా దొరికిపోయినందుకే. నేలమాళిగలో ఒంటరిగా ఉన్నప్పుడు అతడు ఒక ఆట ఆడతాడు, గుర్తుందా? చేతిలో కత్తి, దీపం పట్టుకుని, చీకట్లో లేని జర్మన్ల కోసం పాకుతూ వెళ్తాడు. ఆ గోడ మీద అంతకుముందు అక్కడ బందీలుగా ఉన్నవారు రాసిన మాటలు ఉంటాయి. తాము ఎనిమిదిమందిమని, ఎవరికీ పందొమ్మిదేళ్లు దాటలేదని, గంటలో తమను చంపడానికి తీసుకుపోతారని, తమ కోసం పగ తీర్చుకోవాలని రాసి ఉంటుంది. ఇవాన్ గంట మోగిస్తాడు, గోడకు వేలాడుతున్న కోటును శత్రువు అనుకుని బెదిరిస్తాడు, చివరికి మాటలు తడబడి ఏడ్చేస్తాడు. ఆటగా మొదలైనది ఆటగా ఉండలేకపోయింది. (ఆ పాత్ర వేసిన నికొలాయ్ బుర్ల్యాయెవ్‌కు అప్పటికి పద్నాలుగు, పదిహేనేళ్లే. తార్కోవ్‌స్కీ తరువాతి సినిమాలో గంట పోతపోసే కుర్రవాడు కూడా ఇతడే. గంట అతడిని వదలలేదన్నమాట.)

ఇప్పుడు చివరి కలలోని ఆట చూడండి. అది దాగుడుమూతలు. పిల్లలందరూ దాక్కోవడానికి పరుగెత్తుతారు, కళ్లు మూసుకుని నిలబడినవాడు ఇవాన్. మన పిల్లల మాటలో చెప్పాలంటే, ఈసారి ఇవాన్ దొంగ. సినిమా మొత్తంలో దాక్కున్నవాడు ఒక్కసారి వెతికేవాడయ్యాడు. ఇక్కడ దొరికిపోయినవాడికి జరిగేది ఒకటే, వాడు నవ్వుతూ బయటికి వస్తాడు, తరువాతి దొంగ అవుతాడు. ఇవాన్ కళ్లు తెరిచి చూసినప్పుడు ఒడ్డున ఎవరూ కనిపించరు, ఎండిన చెట్టు ఒకటి ఉంటుంది. తరువాత ఎక్కడినుంచో ఆ చిన్న పాప వస్తుంది.

ఆ పిల్లలు ఎవరని వలసపక్షి గారు అడిగారు. గోడ మీద రాసిన ఎనిమిదిమంది అని ఒకసారి అనిపిస్తుంది, బెర్లిన్‌లో తెల్లని దుస్తులలో ఉన్నవారని ఒకసారి అనిపిస్తుంది. అందరూ దాక్కున్నవారే. వెతకవలసినవాడు ఇవాన్.

చాక్‌పీస్

అందరికీ ధన్యవాదాలు. నీలిసిరా గారి అసమ్మతికి ప్రత్యేకంగా, ఎందుకంటే మా పదో తరగతి పిల్లలలో ఇద్దరు ముగ్గురు దాదాపు ఇదే మాట అన్నారు. ఒక అబ్బాయి అయితే, సినిమా దస్త్రం దగ్గర ఆగిపోయి ఉంటే తనకు రాత్రి నిద్ర పట్టేది కాదని, కాబట్టి ఆ కల పెట్టడం మంచిదేనని వాదించాడు. మరో అబ్బాయి వెంటనే, "నిద్ర పట్టకూడదనే కదరా తీసింది" అన్నాడు. ఇద్దరికీ ఇంకా మాటలు లేవు.

తార్కోవ్‌స్కీ సొంత బాల్యం గురించి పాతరీలు గారు రాసినదాన్ని నేను పిల్లలకు ముందుగా చెప్పను. చెబితే 'అయితే కల దర్శకుడిదే సార్' అని పరీక్ష జవాబులా రాసుకుని పుస్తకం మూసేస్తారని నా అనుభవం. వంద మార్కుల రసీదు గురించి మాత్రం చెబుతాను, ఆ స్క్రిప్టులో రైలులో కనిపించే పెద్దవాడైన ఇవాన్ గురించి కూడా. ఈ రెంటి మధ్య సినిమా ఏమి ఎంచుకుందో వారినే చెప్పమంటాను. బెర్లిన్ పిల్లల దృశ్యం దగ్గర ఈసారి ఆపి, వారు ఎవరో వివరించాలనుకుంటున్నాను. పోయినసారి ఉపశీర్షిక లేకపోవడంతో అది ఏమిటో మా పిల్లలలో ఎవరికీ తెలియలేదు, నేనూ చెప్పలేదు.

నిన్న బడి అయ్యాక ఆ అమ్మాయి ఎదురైతే, చేదబావి గారు రాసినదాన్ని సగం చెప్పాను. చివరి ఆటలో దొంగ ఎవరో గమనించావా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఇవానే కదా మాస్టారూ. కానీ అంకెలు ఎంతవరకు లెక్కపెట్టాడో వినపడలేదు" అంది. వచ్చే శనివారం ఆ మూడు నిమిషాలను ధ్వని పెంచి మళ్లీ చూపిస్తానని మాట ఇచ్చాను.